కూలికి లెక్క లేదు, జబ్బుకు శాతం లేదు

జబ్బుపడి పని మానేసిన పేదవాడు సాయం అడిగితే మన వ్యవస్థ రెండు ప్రశ్నలు వేస్తుంది. నువ్వు ఎక్కడ, ఎన్నాళ్లు పనిచేశావు, కాగితం చూపించు అన్నది మొదటిది. నీ వైకల్యం ఎంత శాతం, సర్టిఫికెట్ చూపించు అన్నది రెండోది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో మన మధ్య ఉన్న కూలీల్లో చాలామంది దగ్గర ఈ రెంటికీ జవాబు లేదు. చిన్ననాటి నుంచి ఒళ్లు దాచుకోకుండా పనిచేసినా వాళ్ల పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. మంచం పట్టినా ఆ జబ్బు పేరు ప్రభుత్వ జాబితాలో లేదు. పని లెక్కలోనూ జబ్బు లెక్కలోనూ చేరని ఈ మనుషుల సంగతే ఈసారి పాఠకుల ముందు పెడుతున్నాం.

మొదటి ప్రశ్నను ముందు చూద్దాం. మన దేశంలో కూలిపని చేసేవారికి జబ్బు కాలంలో అన్నిటికన్నా మెరుగైన రక్షణ ఇచ్చేది ఈఎస్‌ఐ. 1948 చట్టంతో వచ్చిన ఈ పథకంలో ఉన్న కార్మికుడు జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల దాకా కూలిలో 70 శాతం అందుతుంది. క్యాన్సర్, క్షయ, పక్షవాతం లాంటి 34 దీర్ఘరోగాలకు రెండేళ్ల దాకా 80 శాతం అందుతుంది. పనిచోట దెబ్బ తగిలి వికలాంగుడైతే 90 శాతం లెక్కన, మొదటి రోజు పనిలో చేరినవాడికి కూడా వర్తిస్తుంది. చూడటానికి ఎంతో బాగుంది. అయితే పదిమందైనా పనిచేసే సంస్థ అయి ఉండాలి, జీతంలోంచి చందా కట్టి ఉండాలి. మామూలు జబ్బు సాయానికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా కావాలి. దీర్ఘరోగం సాయానికి రెండేళ్ల ఎడతెగని ఉద్యోగం, అందులో కనీసం 156 రోజుల చందా కావాలి.

ఇప్పుడు మన తాలూకాల్లో పని ఎలా జరుగుతుందో గుర్తు చేసుకుందాం. శిడ్లఘట్ట, చింతామణి వైపు ఇళ్ల వెనక రేకుల షెడ్లలో నడిచే పట్టు రీలింగ్ యూనిట్లలో నలుగురైదుగురే ఉంటారు. ఉడికే పట్టుగూళ్ల ఆవిరిలో పొద్దంతా నిలబడి దారం తీస్తే వేళ్లు పాచిపోతాయి, ఆయాసం పట్టుకుంటుంది. పదిమంది లేరు కాబట్టి అది ఈఎస్‌ఐ లెక్కకు రాదు. మల్బరీ ఆకు కోసి, పురుగులు మేపి, రాత్రిళ్లు లేచి చంద్రికలు చూసే ఇంటి ఆడవాళ్ల పనిని పని అని కూడా ఎవరూ అనరు. టమాటా కోతకు, శనక్కాయ పీకడానికి వెళ్లే కూలీకి ఈరోజు ఒక చేను, రేపు ఇంకొకటి. తెల్లారకముందే బస్సెక్కి బెంగళూరు కట్టడాలకు వెళ్లేవాడికి మేస్త్రీ మారినప్పుడల్లా యజమాని మారతాడు. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి దగ్గర జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయినప్పుడు ఇక్కడి క్వారీ పని గురించి దేశమంతా విన్నది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఏళ్ల తరబడి మెల్లగా చంపే సిలికోసిస్ గురించి మాత్రం ఏ పత్రికా రాయదు.

ఇలాంటి మనిషి నలభై ఏళ్ల వయసులో కిడ్నీలు పాడై పడిపోతే ఆఫీసు లెక్కలో అతని పని అనుభవం సున్నా. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా చాలామందికి ఉంది. కానీ అది ప్రమాదానికే, జబ్బుకు కాదు. లారీ గుద్ది కాలు పోతే డబ్బు వస్తుంది, షుగరు ముదిరి కాలు తీసేస్తే రాదు.

ద్రాక్షతోట పనివారి ఉపమానం మన సంఘాల్లో ఎన్నోసార్లు ప్రసంగించి ఉంటాం. సాయంత్రం చివరి గంటలో పనికి వచ్చినవాళ్లు సోమరులు కారు. పొద్దుటి నుంచి అంగట్లోనే నిలబడి ఉన్నారు, వాళ్లను ఎవరూ పిలవలేదు, అంతే. యజమాని వాళ్ల గంటలు లెక్కపెట్టలేదు. ఆ పూట ఇంటికి ఏం కావాలో చూసి పూర్తి దేనారము ఇచ్చాడు. పని లెక్క తక్కువగా ఉండటం పనివాడి తప్పు కానప్పుడు, ఆ లెక్కను బట్టి అతని అన్నం తగ్గించడం న్యాయం కాదు. సామాజిక భద్రత గురించి మేము చెప్పే మాటకు ఆధారం అదే.

అసలు ఈ రెండు ప్రశ్నలు మన దేశంలో మాత్రమే లేవు. అమెరికాలో కూడా వైకల్య సాయానికి రెండు దారులు ఉన్నాయి. ఒకదానికి తగినన్నేళ్లు పనిచేసి పన్ను కట్టిన లెక్క కావాలి. రెండోది ఆ లెక్క లేని పేదలకు. అయితే అక్కడ రెండు దారుల్లోనూ ముఖ్యంగా చూసేది ఒకటే, ఈ జబ్బుతో ఈ మనిషి పనిచేసి బతకగలడా లేదా అని. కిడ్నీ అయినా గుండె అయినా వెన్నెముక అయినా ప్రశ్న అదే. దక్షిణాఫ్రికాలో వైకల్య గ్రాంటుకు పని లెక్క అసలు అడగరు. ఆరు నెలలకు మించి పనిచేయలేని స్థితి ఉందని వైద్యులు తేలిస్తే, తాత్కాలికంగానైనా గ్రాంటు ఇస్తారు. మన దగ్గర పని లెక్క లేని పేదలకు ఉన్న దారి వికలాంగుల పింఛను. కానీ ఆ దారిలో మనిషి పనిచేయగలడా అని అడగరు. జాబితాలో ఉన్నాడా, ఎంత శాతం అని అడుగుతారు.

రెండో ప్రశ్న అక్కడే మొదలవుతుంది. 1995 చట్టంలో వైకల్యాలు ఏడే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. చూపు, వినికిడి, కాళ్లు చేతులు, మానసిక వ్యాధి, ఆటిజం, పార్కిన్సన్స్, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, యాసిడ్ దాడి బాధితులు, ఇలా ఉంది ఆ జాబితా. అందులో 40 శాతం తేలితేనే చట్టం ఇచ్చే ముఖ్యమైన ప్రయోజనాలు. కిడ్నీలు పూర్తిగా పాడైనవాడు ఆ జాబితాలో లేడు. క్యాన్సర్ రోగి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే గుండెజబ్బు మనిషి, సిలికోసిస్ కార్మికుడు ఎవరూ లేరు.

మన జిల్లాకు ఇది ఎంత దగ్గర సంగతో చెప్పడానికి నీళ్ల గురించి చెప్పాలి. శాశ్వతమైన నీటి వనరు కోసం ఈ జిల్లా రైతులు ఏళ్ల తరబడి పోరాడుతూనే ఉన్నారు. చెరువులు ఎండి బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఫ్లోరైడు పెరిగింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును మించిన నీళ్లు బాగేపల్లి, చింతామణి, గుడిబండ పల్లెల్లో జనం తాగారు. ఫ్లోరైడు ఎముకలకు చేసే చేటు కొత్తగా తెలిసింది కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి రాశారు. తరువాత నల్లగొండ దాని పేరుతోనే దేశమంతటికీ తెలిసింది. మెడ తిరగదు, నడుము వంగిపోతుంది, మోకాళ్లు బిగుసుకుంటాయి. నేల మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి.

ఇలాంటి మనిషి బోర్డు ముందుకు వెళితే డాక్టరు కీళ్లు ఎంత వంగుతాయో, కండరాల బలం ఎంతో కొలుస్తాడు. నిబంధనలు అలా ఉన్నాయి, ఆయనను తప్పు పట్టలేం. కానీ రాత్రంతా నిద్ర పట్టనివ్వని నొప్పి ఆ కొలతలో పడదు. రాళ్లు మోసే కూలీకి నడుము పోవడమూ, కూర్చుని పనిచేసే గుమాస్తాకు నడుము పోవడమూ ఒకటి కావు. అయినా శాతం ఒకటే. 38 అని వస్తే కూలిపనికి పనికిరాడు, పింఛనుకూ పనికిరాడు.

కిడ్నీ రోగి గతి ఇంకా విచిత్రం. డయాలిసిస్ పేదలకు ఉచితంగా అందించే జాతీయ కార్యక్రమం 2016 నుంచి ఉంది. ఆరోగ్య కర్ణాటక కార్డు మీద పేద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఉంది. ఇవి నిజంగా మంచి పనులు, ఎందరి ప్రాణాలో నిలబెడుతున్నాయి. కానీ వారానికి రెండుమూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం మీద పడుకోవాలి. బస్సులో పోయిరావాలి, తోడు ఒకరు రావాలి. ఆ మిగిలిన రోజుల్లోనూ గంప ఎత్తే శక్తి ఉండదు. రోగి కూలీ పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. ఆసుపత్రి బిల్లు ప్రభుత్వం కడుతుంది, ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టడానికి మాత్రం ఏమీ లేదు.

జబ్బులు వేరు, వైకల్యాలు వేరు అని కొందరంటారు. జాబితా చూస్తే ఆ మాట నిలవదు. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్ అన్నీ జబ్బులే, వాటిని చేర్చడం న్యాయమే. మరి కిడ్నీని చేర్చకపోవడానికి సిద్ధాంతం ఏమీ లేదు. చట్టం షెడ్యూలు చివర, కేంద్రం ఇంకే వర్గాన్నైనా నోటిఫై చేయవచ్చని రాసే ఉంది. పార్లమెంటులో కొత్త చట్టం కూడా అక్కర్లేదు. క్షయ రోగికి చికిత్స కాలంలో తిండి కోసం ఇప్పుడు నెలకు 1,000 రూపాయలు ఇస్తున్నారు. పని లెక్కా అడగరు, శాతమూ అడగరు. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ కార్మికుల కోసం ప్రత్యేక విధానం తెచ్చింది. జబ్బు నిర్ధారణ కాగానే 3 లక్షల రూపాయలు, నెలనెలా పింఛను ఏర్పాటు చేసింది. తలచుకుంటే చేయగలమని ఈ రెండూ చూపిస్తున్నాయి.

అంత దూరం పోనక్కర్లేదు. బాగేపల్లి దాటి హైవే మీద కాస్త దూరం పోతే కొడికొండ చెక్‌పోస్టు, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్. అటూ ఇటూ అదే తెలుగు, అవే బోర్లు, అవే బంధుత్వాలు. ఇక్కడి ఆడపిల్లలు చిలమత్తూరు, గోరంట్ల వైపు కోడళ్లుగా వెళ్లారు, అక్కడివాళ్లు ఇక్కడికి వచ్చారు. 2024 జూలై నుంచి అక్కడ వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. డయాలిసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకు, గుండె, కాలేయం, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి 10,000. అంటే కిడ్నీ జబ్బు కేంద్ర జాబితాలో లేకపోయినా రాష్ట్రం తన సొంతంగా గుర్తించింది.

ఇటువైపు చూద్దాం. కర్ణాటకలో 40 నుంచి 75 శాతం వైకల్యం ఉన్నవారి పింఛను 2021 జూలైలో 600 నుంచి 800 రూపాయలకు పెరిగింది. 75 శాతం దాటినవారికి 1,400. డయాలిసిస్ రోగికి ఆ జబ్బు పేరు మీద ఏమీ లేదు. అదే 2021 ప్రకటనలో వృద్ధుల సంధ్యా సురక్షను 1,200 చేశారు. వృద్ధులకు ఇచ్చింది ఎక్కువని మేము అనడం లేదు, అదీ చాలదు. కానీ 2016 చట్టం 24వ సెక్షన్ వికలాంగులకు ఇచ్చే సాయం అలాంటి ఇతర పథకాల కన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని చెబుతోంది. 1,200కు 25 శాతం కలిపితే 1,500. మన దగ్గర 800.

ఆదాయ పరిమితి ఇంకో ముడి. ఈ పింఛన్లకు కుటుంబ వార్షికాదాయం 32,000 దాటకూడదు. 2025-26లో కర్ణాటకలో ఉపాధి హామీ కూలి రోజుకు 370 రూపాయలు. ఇంట్లో ఒక్కరు నూరు రోజుల పని పూర్తిగా చేస్తే 37,000 అవుతుంది. ప్రభుత్వం హామీ ఇచ్చిన పని చేసినందుకే, అదే ప్రభుత్వం ఇచ్చే పింఛనుకు అర్హత పోతుందన్నమాట. అందుకే అర్జీదారులు నిజం రాయడానికి భయపడతారు, పేదవాణ్ణి అబద్ధం చెప్పేలా చేసిన పాపం ఎవరిదో ఆలోచించాలి.

దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయని ఒక అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేయదగింది కాదు, దళారులు లేరని ఎవరూ అనలేరు. అయితే అనర్హుల వేట పేరుతో జరిగేది కూడా చూశాం. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు మంచాన పడినవాళ్లకు కూడా నోటీసులు వచ్చాయని వికలాంగులు రోడ్డెక్కారు. డయాలిసిస్ చేయించుకుంటున్నాడో లేదో ఆసుపత్రి రికార్డులోనే ఉంటుంది. చేతి రేఖలు చదివినట్టు శాతం ఊహించనక్కర్లేదు. తీవ్ర వ్యాధులను గుర్తించడం వల్ల మోసం పెరగడం కన్నా తగ్గే అవకాశమే ఎక్కువ.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని మేము చెప్పడం లేదు. ఇప్పుడున్న దారుల్లోనే చాలామందికి తెలియనివి కొన్ని ఉన్నాయి. వాటిని మన సంఘాల్లో చదివి వినిపించండి.

కట్టడాల పనికి వెళ్లేవారు గత పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసి ఉంటే కర్ణాటక కట్టడ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవచ్చు. నమోదైనవారికి వైకల్య పింఛను ఉంది, పెద్ద జబ్బులకు వైద్య సాయం ఉంది. జబ్బు వచ్చాక నమోదుకు పరుగెత్తితే లాభం లేదు, ఒళ్లు బాగున్నప్పుడే చేయించుకోవాలి, గడువు తీరకముందే కొత్త చేయించుకోవాలి.

దొడ్డబళ్లాపురం గార్మెంటు ఫ్యాక్టరీల్లో కొన్నాళ్లు పనిచేసిన మన ఆడపిల్లల పీఎఫ్ నంబర్లు పారేయకండి. 1995 ఉద్యోగుల పింఛను పథకం ప్రకారం, ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా అశక్తులైనవారికి పదేళ్ల సర్వీసు నియమం లేదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా పింఛనుకు అర్హత ఉంది. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను 1,000 రూపాయలు. పని లెక్క తక్కువ ఉన్నవారికి చట్టం చేసిన మేలు ఇది. దురదృష్టం ఏమంటే దీన్ని అడిగేవాళ్లే కనబడరు.

కిడ్నీ, షుగరు రోగులు ఆ జబ్బు పేరుతో వికలాంగుల సర్టిఫికెట్ పొందలేరు. కానీ షుగరుతో చూపు తగ్గినా, వేళ్లో కాలో తీసేసినా, పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినా ఆ నష్టాన్ని కొలిపించుకోవచ్చు. యూడీఐడీ కార్డుకు అర్జీ పెట్టేటప్పుడు కనిపించే నష్టాలన్నీ రాయాలి, పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జి చీటీలు అన్నీ పట్టుకెళ్లాలి. సర్టిఫికెట్ నిరాకరించినా, శాతం తక్కువ పడిందనిపించినా చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. నాడకచేరిలో పింఛను అర్జీ ఇస్తే సకాల రసీదు తప్పకుండా అడిగి తీసుకోవాలి. రసీదు లేని అర్జీ గాలికి చెప్పిన మాటతో సమానం. గ్రామ పంచాయితీ స్థాయిలో వికలాంగుల కోసం పునర్వసతి కార్యకర్తలు ఉన్నారు. వాళ్లూ వికలాంగులే, తక్కువ గౌరవ వేతనంతో తిరుగుతున్నవాళ్లే. వాళ్లను కలవండి, గౌరవించండి.

ఇక మన సంఘాల బాధ్యత. బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్న, ముప్పై ఎనిమిదేళ్లుగా జబ్బుతో ఉన్న రోగికి కోనేరు లేక కాదు, తనను దించే మనిషి లేక ఆలస్యమైంది. మన పల్లెల్లోనూ అంతే. అర్జీలు కన్నడలో ఉంటాయి, మన పెద్దలు తెలుగు మాట్లాడతారు, చాలామందికి ఏ లిపీ రాదు. ప్రతి సంఘంలో కన్నడ రాయగలిగిన ఇద్దరు యువకులు నెలకొక శనివారం ఈ పని మీద కూర్చుంటే చాలు. జబ్బుపడినవారి పేర్లు, వాళ్లు చేసిన పనులు, ఎక్కడ ఎన్నేళ్లు చేశారన్న వివరం ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. యజమాని రాయని రిజిస్టరు మనం రాద్దాం. అడగడానికి వెళ్లేనాడు అది సాక్ష్యంగా పనికొస్తుంది. ఇందులో విశ్వాసి, అవిశ్వాసి అన్న తేడా పెట్టకూడదు, ఏ వీధివాడైనా, ఏ కులంవాడైనా రోగి రోగే. ప్రార్థన కూటంలో రోగుల కోసం కన్నీళ్లతో ప్రార్థించి, సోమవారం వాళ్లతో పాటు బోర్డు దగ్గరకు వెళ్లడానికి తీరిక లేదనడం మనకు తగదు.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి ఇవి. కిడ్నీ వైఫల్యం, క్యాన్సర్, ముదిరిన ఫ్లోరోసిస్, సిలికోసిస్ లాంటి తీవ్ర వ్యాధులతో పనిచేయలేనివారికి కర్ణాటక ప్రత్యేక పింఛను తేవాలి. దానికి పని లెక్క అడగకూడదు, వైద్యుని నిర్ధారణ చాలాలి. వికలాంగుల పింఛనును 24వ సెక్షన్ చెప్పిన మేరకైనా వెంటనే పెంచాలి. ఉపాధి హామీ కూలిని ఆదాయం లెక్కలో కలపకూడదు. బాగేపల్లి, చింతామణి తాలూకా ఆసుపత్రుల్లోనే నెలకు ఒక నిర్ణీత రోజున వైకల్య బోర్డు కూర్చోవాలి, తెలుగు తెలిసినవారు ఒకరు అక్కడ ఉండాలి. ఇంట్లో పట్టుపురుగులు మేపే, రీలింగు చేసే ఆడవాళ్లను కార్మికులుగా నమోదు చేయాలి.

దశాబ్దాల కిందటే బాగేపల్లి కూలీలు కూలీ సంఘంగా కూడి తమ మాట తామే చెప్పుకోవడం నేర్చుకున్నారు. ఆ కూలీల్లో ఎంతమంది ఇవాళ వంగిన నడుములతో అరుగుల మీద కూర్చుని ఉన్నారో మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. ఈ జిల్లా పట్టు, టమాటా, రాయి, బెంగళూరు మేడలు అన్నీ వాళ్ల చేతుల మీదుగా పోయినవే. వాళ్ల తరఫున ఈ కోరికలు రాసిన అర్జీని ప్రతి సంఘం తన గ్రామసభలో చదివించి, తీర్మానం చేయించి, ఒక ప్రతి తహసీల్దారుకు, ఒక ప్రతి శాసనసభ్యునికి పంపాలని కోరుతున్నాం. వచ్చే గ్రామసభ తేదీని ఈ వారమే కనుక్కోండి.